చెడిన గుండెకవాటములు: శస్త్రచికిత్స నడచిన త్రోవ



మా భావనపాడు సముద్రపుటొడ్డున నున్న పల్లె. దీనికి చేరువనే నౌపడ ఉప్పుమళ్ళు గలవు. ఆ మళ్ళలోనికి ఉప్పునీటిని విడుచుటకును, విడిచిన నీరు వెనుకకు పోకుండ నిలుపుటకును చిన్న తలుపులుండును. తలుపు సరిగా నున్నంతకాలము దానివంక చూచువాడే యుండడు. అది పుచ్చిపోయిన నాడు మడి యంతయు చెడును. మన గుండెలో గూడ నట్టి తలుపులు నాలుగు గలవు. వానినే వైద్యులు కవాటములందురు. రక్తమును ముందునకు పోనిచ్చుట, వెనుకకు రానీయకుండుట, ఇంతియే వాని పని. ఆ పనిని ఒక్కొక్క కవాటము దినమునకు సుమారు లక్షసార్లు చేయుచుండును. అట్టి కవాటమునకు క్రిములు పట్టి చీడ కలిగినప్పుడు మనుష్యుడేమి చేయగలిగెను, ఎట్లు చేయగలిగెను అనునదియే నేటి ప్రసంగవిషయము.

ఇది బడిపంతులు చెప్పదగిన విషయమా యని మీలో కొంద ఱనుకొనవచ్చును. కారణము చెప్పెదను. కొన్నియేండ్ల క్రిందట, నాయొద్ద చదివిన యొక పడుచువాడు రెండు నెలలు విడువని జ్వరముతో బాధపడెను. చిన్ననాడు కీళ్ళనొప్పులతో బడి మానుచుండెడివాడు. పెద్దవాడై పడవమీద వేటకు పోవుచుండెను. సూదిమందు వేయించుకొనిన నాలుగు దినములు జ్వరము తగ్గుట, మరల వచ్చుట, ఇట్లు జరుగుచుండెను. ఒకనాటి యుదయమున కుడిచేయి, కుడికాలు పడిపోయెను, మాటయు పోయెను. విశాఖపట్టణమునకు గొనిపోగా, గుండెకవాటమునకు క్రిములు పట్టినవనియు, దానిపై పెరిగిన గడ్డలో నొక తునుక యూడి మెదడునకు పోయినదనియు, వెంటనే శస్త్రచికిత్స చేయవలయుననియు చెప్పిరి. లోహకవాటము పెట్టుమందురా, జంతుకవాటము పెట్టుమందురా యని యింటిపెద్దల నడిగిరి. వారికి దిక్కు తోచక, చదువుకొన్నవాడనని నన్ను ఫోనులో నడిగిరి. నాకును తెలియదు. ఆలోచించి చెప్పెదనంటిని. ఆ యాలోచనలో రెండు దినములు గడచెను. మూడవనాడు ఆలోచించుటకేమియు మిగులలేదు. ముందే చేసినచో వాడు బ్రతికియుండెడివాడని నేను చెప్పజాలను. కాని ఆ రెండు దినములు వృథా చేసినవారిలో నేనొకడను. అందుచేత తరువాత నీ విషయమును గూర్చి తెలిసికొంటిని. తెలిసినంత మీకు విన్నవించెదను.

మన పూర్వులు శస్త్రవిద్య నెఱుగనివారు కారు. సుశ్రుతుడు ఛేదనము, భేదనము, లేఖనము, వేధనము, ఏషణము, ఆహరణము, విస్రావణము, సీవనము అని శస్త్రకర్మ నెనిమిది విధములుగ విభజించెను. అయినను శరీరమున 107 మర్మములను లెక్కించి, అందు హృదయమును సద్యఃప్రాణహరమర్మముగ చెప్పెను. అనగా నచట దెబ్బ తగిలిన వెంటనే ప్రాణము పోవునని యర్థము. కావున గుండెమీద కత్తి పెట్టుట యనునది ఆ కాలమున తలపునకు గూడ రాదగిన పని కాదు. ఐరోపాఖండమునను వేలయేండ్లు ఇదే భావము నిలిచియుండెను.

సుశ్రుతుని సూత్రస్థానములో ఆమపక్వైషణీయమను పదునేడవ యధ్యాయము గలదు. వాపు పచ్చిగా నున్నదా, పండినదా యని గుర్తించుట అందలి విషయము. పచ్చిదానిని కోయు వైద్యుడును, పండినదానిని ఉపేక్షించు వైద్యుడును సమానముగ నింద్యులని యాతని మతము. దీనిని మీరు మనస్సున నుంచుకొనవలయును. గుండెకవాట చికిత్స యొక్క చరిత్రమంతయు తుదకీ ప్రశ్నచుట్టునే తిరిగినది. ఎప్పుడు కోయవలయును?

మొదట రోగస్వరూపమును చెప్పెదను. ఆంగ్లవైద్యులు దీనిని ఎండోకార్డైటిస్ అందురు. ఆరోగ్యముగ నున్న కవాటము నున్నగా నుండును. క్రిములు దానిపై సామాన్యముగ నిలువజాలవు. చిన్నతనమున గొంతునొప్పి వచ్చి, దానివెంట కీళ్ళవాపు జ్వరము వచ్చినవారిలో కొందఱకు కవాటములు మందమై, గరుకెక్కి, వంకరపోవును. మన దేశమున కవాటములు చెడుటకు ముఖ్యకారణమిదియే. అట్టి గరుకు కవాటమునందు, పుచ్చుపంటినుండియో, చర్మముమీది పుండునుండియో రక్తములోనికి దిగిన క్రిములు చిక్కుకొనును. పడవ అడుగున పాచియు గుల్లయు పట్టినట్లు, అవి కవాటముపై గడ్డలు గడ్డలుగా పెరుగును. అందువలన కీడు మూడువిధములుగ కలుగును. కవాటము చిల్లులుపడి, రక్తము వెనుకకు కాఱి, గుండె అలసిపోవును. చీము లోతునకు దిగి గుండెకండలో గూడుకట్టును. గడ్డనుండి తునుకలూడి మెదడునకో, మూత్రపిండములకో, కాలినరములకో పోయి అడ్డుపడును. కొన్ని బలమైన క్రిములు బాగుగ నున్న కవాటమును గూడ పట్టుటకలదు.

1885వ సంవత్సరమున విలియం ఆస్లరను వైద్యుడు లండను నగరములో మూడుపన్యాసములిచ్చి ఈ రోగలక్షణముల నన్నిటిని ఒకచోట కూర్చి చెప్పెను. లక్షణములు తెలిసెను గాని మందు తెలియలేదు. గుస్తావ్ మాలరను ప్రసిద్ధ సంగీతవిద్వాంసుని కథ యిందుకు దృష్టాంతము. 1911వ సంవత్సరారంభమున న్యూయార్కులో నతనికి జ్వరము వచ్చెను. వైద్యులతని రక్తమును తీసి, క్రిములను పెంచి చూచి, రోగమిదియని నిర్ధారణ చేసిరి. రోగము పేరు తెలిసెను. చేయదగినది మాత్రమేమియు లేకపోయెను. అతడు స్వదేశమునకు మరలి ఆ సంవత్సరము మే నెలలో వియన్నాలో మరణించెను. ఆ దినములలో ఈ రోగము వచ్చినవారిలో బ్రతికి బయటపడినవారు మిక్కిలి యరుదు.

1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగు పెన్సిలినును కనుగొనెను. దానిని మనుష్యులకు పనికివచ్చు మందుగా ఫ్లోరీ, చైన్ మొదలగువారు 1940వ సంవత్సర ప్రాంతమున తీర్చిదిద్దిరి. 1944లో న్యూయార్కు నగరమందలి బ్రూక్లినులో లియో లోవీ యనునతడును సహచరులును, వరుసగా నేడుగురు రోగులు పెన్సిలినుతో స్వస్థులైరని ప్రకటించిరి. అదివఱకు మరణమే గతియైన రోగమునకు మొదటిసారి ద్వారము తెఱచుకొనెను. క్రిమిసంహారకౌషధముల ఈ యుగమునందు మన తెనుగువానికిని భాగము గలదు. భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి యాధ్వర్యవమున నడచిన పరిశోధనశాలనుండియే 1948లో ఆరియోమైసిన్ అను మందు లోకమునకు వచ్చెను. అది యీ రోగమునకు ముఖ్యౌషధము కాకపోయినను, క్రిములపై మనుష్యుడు సాగించిన యుద్ధమున నొక గొప్ప యాయుధము.

అయితే పెన్సిలిను క్రిములను చంపును గాని, అవి కొఱికిన కవాటమును తిరిగి నేయజాలదు. జ్వరము తగ్గిన రోగి, చిల్లుపడిన కవాటముతో నాయాసపడి కొలదికాలములో మరణించుచుండెను. చెదలను చంపినంత మాత్రమున తలుపు బాగుపడునా? క్రొత్త తలుపు కావలయును. అందుకు సద్యఃప్రాణహరమర్మమును తెఱువక తప్పదు.

1896లో జర్మనీదేశమందలి ఫ్రాంక్‌ఫర్టులో లుడ్విగ్ రేన్ అను శస్త్రవైద్యుడు కత్తిపోటు తగిలిన గుండెను సూదితో కుట్టగా రోగి బ్రతికెను. గుండెను తాకవచ్చునని యప్పుడు తెలిసెను. కాని దానిని తెఱచి లోపల పనిచేయవలెనన్న, అంతసేపు శరీరమునకు రక్తమును పంపువారెవరు? 1953వ సంవత్సరము మే నెల 6వ తేదీన ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ అనునతడు గుండెపనిని, ఊపిరితిత్తులపనిని తానే చేయు యంత్రముతో నొక 18 ఏండ్ల బాలిక గుండెలోని రంధ్రమును మూసెను. అంతకు ముందే, 1952లో, వాషింగ్‌టనులో చార్లెస్ హఫ్‌నగెల్ అనునతడు పంజరమున బంతివంటి యొక కృత్రిమకవాటమును గుండెలో గాక, వెన్నువెంట దిగు పెద్దధమనియందు అమర్చెను. 1960లో పోర్ట్‌లాండులో ఆల్బర్ట్ స్టార్ అను యువవైద్యుడును, ఉద్యోగవిరతుడైన లోవెల్ ఎడ్వర్డ్స్ అను యంత్రశిల్పియు కలిసి చేసిన బంతికవాటమును గుండెలోపలనే చెడిన కవాటమునకు బదులుగ నిలిపిరి. మొదటి రోగి కొన్ని గంటలలోనే మరణించెను. వారు వెనుదీయలేదు. సెప్టెంబరులో చికిత్సపొందిన మఱియొకడు పదియేండ్లు జీవించెను. పిమ్మట నిచ్చెనమీదనుండి పడి చనిపోయెనుగాని కవాటము చెడి కాదు.

ఇది చీడపట్టని కవాటముల మాట. క్రిములున్నచోట క్రొత్తవస్తువును పెట్టుట వేఱు సంగతి. చీము పట్టిన పుంటిలో ముల్లు దిగియున్న పుండు మానదని మనమెఱుగుదుము. అట్టి స్థలమున మనమే యొక లోహపువస్తువును కుట్టిన క్రిములు దానిని పట్టవా? కావున ముందు మందులతో క్రిములను పూర్తిగా చంపవలయును, రోగి కోలుకొనవలయును, అటుపిమ్మటనే కత్తి పట్టవలయునని నాటి పెద్దలు తలచిరి. ఆ తలపు తప్పని యెవరనగలరు? కాని అట్లు వేచియున్నవారిలో ననేకులు వేచియుండగనే మరణించుచుండిరి.

1961లో అమెరికాలో జెరోం కే యనునతడును సహచరులును, గుండె కుడివైపు కవాటముపై పెరిగిన శిలీంధ్రపుగడ్డను కోసి తీసివేసి రోగిని రక్షించిన వృత్తాంతమును ప్రకటించిరి. 1965లో డ్యూకు విశ్వవిద్యాలయమునకు చెందిన వాలెసు మొదలగువారు మఱియు సాహసకార్యమును వెల్లడించిరి. మందులకు లొంగని క్రిములు బృహద్ధమనికవాటమును తినివేయుచుండగా, జ్వరము తగ్గువఱకు ఆగక, చెడిన కవాటమును కోసివేసి కృత్రిమకవాటమును పెట్టిరి. రోగి బ్రతికెను. క్రిములు క్రొత్తకవాటమును తప్పక పట్టునన్న భయమునకు నాడు మొదటి సమాధానము దొరకెను. చీడపట్టిన భాగమును మొదలంట తీసివేసి, శుభ్రముచేసి, తరువాత మందును నిండుగ వాడినచో, క్రొత్త కవాటము నిలుచును.

అయినను 'ఎప్పుడు' అను ప్రశ్న యింకను తేలలేదు. 2012లో కొరియాదేశమందలి సియోలు వైద్యులొక పరీక్షాఫలమును ప్రచురించిరి. కవాటము తీవ్రముగ చెడి, పెద్దగడ్డలున్న 76 మంది రోగులను రెండు వర్గములుగ విభజించిరి. 37 గురకు 48 గంటలలోపల శస్త్రచికిత్స చేసిరి. తక్కిన 39 గురకు అప్పటి వాడుకప్రకారము మందులిచ్చి, అవసరమైనప్పుడే కత్తి పట్టిరి. ఆఱువారములలోపల, ఆసుపత్రిలో మరణముగాని, గడ్డతునుక యూడి అవయవమునకు పోవుటగాని, మొదటివర్గమున ఒక్కనికే సంభవించెను. రెండవవర్గమున తొమ్మండుగురకు సంభవించెను. ఆఱునెలలకు మరణములలో మాత్రము రెండువర్గములకును చెప్పదగిన భేదము లేదు. కావున నందఱకును వెంటనే కోయుడని దీని యర్థము కాదు. మందులతోనే నయమగువారనేకులు గలరు. కాని కవాటము చిట్లి ఆయాసమెక్కువైనను, చీము గూడుకట్టినను, మందులకు క్రిములు లొంగకున్నను, పెద్దగడ్డ ఊగులాడుచున్నను, 'ఇంకను చూతము' అనుట పండినదానిని ఉపేక్షించుటయే యగును. ఒక్క వైద్యుడు గాక, గుండెవైద్యుడు, శస్త్రవైద్యుడు, క్రిమిరోగముల వైద్యుడు మువ్వురును కూడి యీ కాలనిర్ణయము చేయవలయునని నేటి పద్ధతి.

ఇక ఏ కవాటము? నన్ను నాడు నిరుత్తరుని చేసిన ప్రశ్న యిదియే.

మొదటిది, ఉన్న కవాటమునే బాగుచేయుట. చీడపట్టిన ముక్కను కోసి, మిగిలినదానిని కుట్టి, కావలసిన అతుకు వేయుదురు. ఫ్రాన్సుదేశీయుడైన అలేన్ కార్పెంతియే యీ విద్యను వృద్ధిచేసినవారిలో నగ్రగణ్యుడు. ఇది వీలైనచోట పరాయివస్తువు మిక్కిలి తక్కువ, ఇదియే మేలు. చెడుగు మితిమీరినప్పుడు వీలుపడదు.

రెండవది లోహకవాటము. స్టారు చేసిన బంతికి పిమ్మట 1969లో వాలుగా తిరుగు బిళ్ళకవాటమును, 1977లో రెండు రెక్కల కవాటమును వచ్చినవి. ఇవి లోహముతోను, గట్టిబొగ్గువంటి పదార్థముతోను చేయబడును, ఏండ్లతరబడి అరగవు. కాని వానిపై రక్తము గడ్డకట్టును. గడ్డకట్టకుండ వార్ఫరిన్ అను మాత్రను జీవితాంతము మానక మ్రింగవలయును. ఎలుకలను చంపుటకు వాడిన మందును మితముగ వాడుటయే యిది. తక్కువైన కవాటము బిగిసిపోవును. ఎక్కువైన నెత్తురు కాఱును. అందుచేత తఱచుగ రక్తపరీక్ష చేయించుకొని మోతాదు సరిచూచుకొనవలయును. ఆకుకూరలు ఒకనాడు మిక్కుటముగ తిని మఱునాడు మానుట గాక, ఒక పరిమాణమున తినవలయును. నొప్పిమాత్రలను వైద్యుని యడుగక వేసికొనరాదు. గర్భిణీస్త్రీలలో వార్ఫరిన్ శిశువునకు హాని చేయగలదు. కావున పిల్లలను కనవలసిన యాడుబిడ్డ విషయమున నీ సంగతి ముందుగనే చెప్పి యడుగవలయును.

మూడవది జంతుకవాటము. 1965లో పారిసు నగరమున బినే, కార్పెంతియే యనువారు పందికవాటమును మనుష్యునకు పెట్టిరి. పిమ్మట తోలును ఊనినట్లు నొక రసాయనద్రవములో నానవేసి దానిని చాలకాలము నిలుచునట్లు చేసిరి. 1971లో ఇంగ్లండులోని లీడ్సు నగరమున ఇయొనెస్కూ అనునతడు గోజాతిపశువుల గుండెపైపొరతో కవాటమును కుట్టెను. వీనికి వార్ఫరిన్ జీవితాంతము అక్కఱలేదు. కాని ఇవి యరగును. పెద్దవయస్సువారిలో పది, పదునైదేండ్లో, అంతకు మించియో నిలుచును; పడుచువారిలో త్వరగా గట్టిపడి చెడును. అప్పుడు మరల శస్త్రచికిత్స తప్పదు.

నాల్గవది మానవకవాటము. 1962లో లండనులో డోనాల్డ్ రాస్ అనునతడును, అదే సంవత్సరము న్యూజీలాండులో బారెట్-బాయిస్ అనునతడును, చనిపోయినవారినుండి గ్రహించి భద్రపఱచిన కవాటమును బ్రతికియున్నవారికి పెట్టిరి. బృహద్ధమని మొదట చీము గూడుకట్టి చుట్టునున్న కండ కరగిపోయినప్పుడు, మెత్తనై యొదుగు నిట్టి కవాటము మిక్కిలి యుపకరించునని యనేకులు వాడిరి. కాని దాతలు తక్కువ, దొరకుట కష్టము. కాలక్రమమున నిదియు గట్టిపడును.

వీనిలో క్రిములు పట్టనిదేది? ఈ ప్రశ్నకు చాలకాలము మానవకవాటమే యని కొందఱు, లోహమే యని కొందఱు వాదించిరి. తుదకు తేలినదేమనగా, క్రిములు తిరిగి పట్టుట పట్టకపోవుట కవాటజాతినిబట్టి కంటె, చీడను ఎంత నిశ్శేషముగ కోసి శుభ్రపఱచిరి, తరువాత మందును ఎన్నివారములు నిండుగ ఎక్కించిరి యను దానినిబట్టియే యుండును. లోహకవాటమునకును జంతుకవాటమునకును ఈ విషయమున పెద్దభేదము కానరాలేదు. కావున ఎన్నిక రోగి జీవితమును చూచి చేయవలయును గాని రోగమును చూచి కాదు. సామాన్యముగ 50 ఏండ్లలోపు వారికి లోహకవాటమును, 65 దాటినవారికి జంతుకవాటమును సూచింతురు. కాని వయస్సొక్కటియే చాలదు. ఆ మనుష్యుడు మాత్రను మానక మ్రింగునా? నెలకొకమాఱు పరీక్షకు టెక్కలికో శ్రీకాకుళమునకో పోగలడా? వేటకు పోయి దినములకొలది సముద్రముమీద నుండునా? తాడు లాగుచు, గాలము పట్టుచు గాయములు తగిలించుకొనువాడా? ఈ ప్రశ్నలకు సమాధానము వైద్యునికి తెలియదు, మీకు తెలియును. అందులకే ఆయన మిమ్మడుగును. ఆయన అడుగుట తనకు తెలియక కాదు.

ఇచట పెద్దలలో కొందఱకు కలుగు నొక సంకోచమును దాచక చెప్పవలయును. ఆవుపొర యేమి, పందికవాటమేమి, మన శరీరమున నుంచుకొనుట ధర్మమా యని యడుగుదురు. ఆనాటి రెండు దినములలో ఒక దినమీ మీమాంసకే పోయినది. శాస్త్రము చదివినవాడనుగా నా యభిప్రాయము చెప్పెదను. ఆపత్కాలమునకు వేఱు ధర్మమున్నదని మన పెద్దలే చెప్పిరి. ప్రాణరక్షణార్థము వైద్యుడిచ్చినదానిని గ్రహించుట రుచికొఱకు భుజించుట వంటిది కాదు. అయినను రోగి మనస్సు ఒప్పనిచో బలవంతము వలదు. లోహకవాటము కలదు, ఆ మాట ముందుగనే వైద్యునితో చెప్పవచ్చును. చెప్పుట తప్పు కాదు. చెప్పక తర్కించుచు కూర్చుండుటయే తప్పు.

మన దేశమున నీ విద్య యెట్లు నాటుకొనెనో కొంచెము చెప్పెదను. విశాఖపట్టణమున 1923లో వైద్యకళాశాలయు, కింగ్ జార్జి ఆసుపత్రియు వెలసినవి. కాని గుండె తెఱచు చికిత్స దక్షిణదేశమున 1961లో వెల్లూరు క్రైస్తవవైద్యకళాశాలలో ఆరంభమయ్యెను. కృత్రిమకవాటములన్నియు చాలకాలము విదేశములనుండియే వచ్చుచుండెను. వాని వెల బీదవారికందరానిది. కేరళదేశీయుడైన డాక్టరు వలియత్తాన్ గారు అమెరికాలో, ముందు చెప్పిన హఫ్‌నగెల్ కడ పనిచేసి వచ్చి, 1974 నుండి తిరువనంతపురమందలి శ్రీచిత్రా తిరునాళ్ సంస్థకు అధ్యక్షులై, స్వదేశమున కవాటమును నిర్మింప సంకల్పించిరి. మూడు నమూనాలు పరీక్షలలో నిలువలేదు. నాలుగవది నిలిచెను. గొఱ్ఱెలలో పరీక్షించిన పిమ్మట 1990వ సంవత్సరము డిసెంబరు 6వ తేదీన దానిని మొదటిసారి మనుష్యునకు అమర్చిరి. అదియే చిత్రాకవాటము. నాటినుండి వేలకొలది బీదవారి గుండెలలో నది పనిచేసినది. ఆ మహనీయుడు శస్త్రవిద్యనుండి విరమించిన పిమ్మట చరక, సుశ్రుత, వాగ్భటులపై గ్రంథములు వ్రాసి 2024లో పరమపదించెను. సద్యఃప్రాణహరమర్మములో తలుపును నిలిపినచేతనే సుశ్రుతుని గూర్చియు వ్రాసిన వాడాయన. రాజమహేంద్రవరమున జన్మించిన డాక్టరు వేణుగోపాలుగారు 1994 ఆగస్టు 3న ఢిల్లీలో మనదేశపు మొదటి గుండెమార్పిడి జయప్రదముగ చేసి తెనుగువారికి కీర్తి తెచ్చిరి.

విద్య యుండగనే సరిపోదు, వ్యయము భరించుటెట్లు? 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకమును మొదట మూడు జిల్లాలలోనే ఆరంభించిరి. అనంతపురము, మహబూబునగరములతోబాటు మన శ్రీకాకుళము అందొకటి. గుండెశస్త్రచికిత్సలు దానిలో చేర్చబడినవి. తరువాత పథకపు పేరు పలుమాఱులు మాఱినది. ఏ ఆసుపత్రిలో ఏ చికిత్స చేరియున్నదో ముందుగ ఆరోగ్యమిత్రను విచారించి పోవుట మంచిది.

ఇక పెద్దలైన మీకు నా మనవి. కీళ్ళజ్వరము వచ్చిన పిల్లలను చిన్నరోగమని యూరకుండవలదు. గుండె చెడినదని వైద్యుడు చెప్పినచో, మూడువారముల కొకమాఱు వేయు పెన్సిలిన్ సూదిని, ఎన్నియేండ్లు వేయమనిన నన్నియేండ్లు మానక వేయింపుడు. గుండెకవాటము చెడినవారు, మార్పించుకొన్నవారు పండ్లను శుభ్రముగ నుంచుకొనవలయును. పన్ను తీయించుకొనుటకు ముందు తమ గుండెసంగతి దంతవైద్యునితో చెప్పవలయును. అట్టివారికి వారము దాటిన జ్వరము వచ్చినచో, ఊరిలో నాలుగు దినములకు నాలుగు సూదులు వేయించి జ్వరమును మభ్యపెట్టవలదు. ఆ మందు క్రిములను చంపదు, దాచిపెట్టును. మొదట రక్తమును తీయించి క్రిములను పెంచిచూచు పరీక్షయు, గుండెకు ఎకో పరీక్షయు చేయించి, అటుపిమ్మట మందు మొదలుపెట్టుట క్రమము. మందు ఆరంభించినపిమ్మట నాలుగు మొదలు ఆఱువారములు పూర్తిగా వాడవలయును. జ్వరము తగ్గినదని నడుమ మానిన, చావక మిగిలిన క్రిములు మరల పెరుగును.

శస్త్రచికిత్స కావలయునని వైద్యులు చెప్పినచో, మీరడుగవలసినవి మూడు ప్రశ్నలే. ఎంతలోపల చేయవలయును? ఉన్నకవాటమును బాగుచేయ వీలగునా? వీలుకానిచో మా మనుష్యుని బ్రదుకునకు ఏది తగును? ఈ మూడు అడిగి, అతడెట్లు జీవించునో దాచక చెప్పి, ఆనాడే మాట యిండు. సమాధానము తెలియనివాని నడుగుచు కాలము గడపవలదు. నేనట్టివాడనై యుంటిని.

సముద్రమున గాలివాన వచ్చు సూచన కానవచ్చినప్పుడు, పడవను ఏ రేవునకు చేర్చుటయని మనవారు రెండు దినములు తర్కింపరు. దగ్గఱి రేవునకు త్రిప్పుదురు. రోగవిషయమునను మనమట్లే నడచుకొందుముగాక.